ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగడం లేదా?

నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్ళు తిరగడం, పొద్దున లేచినప్పటి నుంచే నీరసం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9. గర్భిణికి 11, మిగతా ఆడవాళ్ళకు 12 కంటే తగ్గితే రక్తహీనతే. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. నెల తిరిగాక మళ్ళీ చూస్తే 9.1. ఇక ఇంట్లో టెన్షన్. ఈ మాత్రలు పనిచేయడం లేదు, వేరే కంపెనీవి రాయండి అంటారు. కొందరైతే బలానికి సెలైన్ పెట్టించుకుని వస్తారు. అందులో ఉండేది ఉప్పు నీళ్ళు, దాంతో రక్తం పెరగదు.

మాత్ర మార్చే ముందు స్ట్రిప్పు తెచ్చి చూడండి. ఎన్ని గుంటలు ఖాళీ అయ్యాయో లెక్కపెట్టండి. ఈ చిన్న పని ఎవరూ చేయరు. వికారమనో, మలబద్ధకమనో, వేడి చేస్తుందనో మధ్యలో మానేసినవాళ్ళు చాలామందే ఉంటారు. మలం నల్లగా రావడం ఐరన్ వల్లే, భయపడక్కర్లేదు. కడుపులో తిప్పుతుంటే మాత్రను రాత్రికి మార్చుకోండి.

స్ట్రిప్పు సరిగ్గానే ఖాళీ అవుతున్నా రక్తం పెరగకపోతే, మాత్ర వేసుకున్న వేళకు అటూ ఇటూ ఏం తాగారో అడగాలి. ఎక్కువ ఇళ్ళలో చిక్కంతా ఇక్కడే.

టీ తాగుతారా అని అడిగితే “రెండు పూటలే” అంటారు. ఎన్నిసార్లు అన్నది కాదు, ఎప్పుడు అన్నది ముఖ్యం. ఇడ్లీ తిని, మాత్ర నోట్లో వేసుకుని, ఆ వెంటనే టీ. టీలో, కాఫీలో ఉండే వగరు పదార్థాలు పేగులోనే ఐరన్‌ను పట్టేస్తాయి. అది రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది. మాత్రలోదే కాదు, ఆ పూట తిన్న ఆకుకూరలోని ఐరన్ కూడా అంతే.

టీ సంగతి కొందరికైనా తెలుసు. పాల సంగతి ఎవరికీ అనుమానమే రాదు. కడుపుతో ఉన్న కోడలికి పడుకునే ముందు గ్లాసుడు పాలిచ్చి, ఆ పాలతోనే మాత్ర మింగిస్తారు. ఎంతో ప్రేమగా చేసే పనే, కానీ పాలలోని క్యాల్షియం ఐరన్‌కు అడ్డం పడుతుంది. దానికి తోడు డాక్టరు రాసిన క్యాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర మర్చిపోకుండా ఉండాలని రెండూ కలిపి ఒకే గుక్కలో వేసుకుంటారు. నెలంతా శ్రద్ధగా వేసుకున్నా ఫలితం కనిపించనిది ఇందుకే.

క్యాల్షియం మాత్ర ఉదయం టిఫిన్‌తో, రెండోది ఉంటే మధ్యాహ్నం అన్నంతో వేసుకోండి. ఐరన్ మాత్ర రాత్రి భోజనమైన గంట, రెండు గంటలకు నీళ్ళతోనో నిమ్మరసంతోనో మింగండి. పాలు తాగాలంటే సాయంత్రం తాగేయండి. క్యాల్షియానికీ ఐరన్‌కూ కనీసం 2 గంటలు, టీ కాఫీలకూ భోజనానికీ కనీసం గంట ఎడం ఉండాలి. అసిడిటీ మాత్రలు రోజూ వేసుకునే అలవాటుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, అవీ ఐరన్‌ను ఒంటబట్టనివ్వవు. ఇవి సర్దుకుంటే హిమోగ్లోబిన్ సాధారణంగా నెలకు కనీసం 1 గ్రాము పెరుగుతుంది.

తిండి మాటకొస్తే, తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి. విటమిన్ సి తోడైతే ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఐరన్ బాగా ఒంటబడుతుంది. జామకాయ, ఉసిరికాయ కూడా మంచివే. మాంసం తినేవాళ్ళకు మటన్‌లోని ఐరన్ ఇంకా తేలిగ్గా అందుతుంది.

12 రాగానే మాత్ర ఆపేయకండి. ఒంట్లో నిల్వలు నిండాలంటే ఇంకో మూడు నెలలు వాడాలి. ఆపితే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా నెలలో కదలిక లేకపోతే నులిపురుగులు, నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు చూపించుకోండి. పూర్తి శాకాహారులైతే బి12 పరీక్ష చేయించుకోండి. తలసీమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్త జబ్బులేమైనా ఉన్నాయేమో డాక్టరే చూసుకుంటారు. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉంటే మాత్రం ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.