చవక టికెట్టు దగ్గరే లెక్క తప్పింది

మావారూ నేనూ నాలుగు రోజులు పారిస్ వెళ్దామనుకుని, కనిపించిన అతి చవక విమాన టికెట్టుతో బడ్జెట్ వేశాం. ఎన్నిసార్లు వేసినా చేయి దాటిపోతోంది. ఎక్కడా అని వెతికితే, ఆ విమానం దిగేది పారిస్-బోవే విమానాశ్రయంలో. పేరులో పారిస్ ఉన్నా, ఊరికి దాదాపు 80 కిలోమీటర్ల దూరం! ఇద్దరికీ రానూపోనూ బస్సు, పెట్టెకు వేరే రుసుము, రాత్రి పొద్దుపోయి దిగితే ట్యాక్సీ... అన్నీ కలిపితే మామూలు టికెట్టే నయం.

అప్పుడు పద్ధతి మార్చాను. ఇంటి గుమ్మం నుంచి హోటల్ గది దాకా అయ్యే మొత్తాన్నే పోల్చాను. అసలు కిటుకు అదే. వారాంతం వదిలేసి మంగళవారం బయల్దేరాం. లూవ్ర్ మ్యూజియానికి ఎలాగూ ఆ రోజే సెలవు. గది నడిబొడ్డున కాకుండా మెట్రో స్టేషన్‌కి ఐదు నిమిషాల నడకలో తీసుకున్నాం. ఓర్సే మ్యూజియం నెలలో మొదటి ఆదివారం ఉచితం, మీ తేదీలు కుదిరితే వదలకండి.

ఇంకొకటి. దుకాణంలో కార్డు యంత్రం మీ దేశపు కరెన్సీలో కడతారా అని అడిగితే వద్దని, యూరోలే ఎంచుకోండి. ఆ మార్పిడి రేటులో అదనపు వడ్డన కలిసి ఉంటుంది.