గుండె పంపు అమర్చినవారు బీపీ మందుల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

గుండెలో శరీరమంతటికీ రక్తాన్ని నెట్టే గది అయిన ఎడమ జఠరికకు తోడుగా అమర్చిన పంపు రక్తాన్ని ఎడతెగకుండా నెడుతుంది కనుక నాడి చేతికి అందకపోవచ్చు, మామూలు బీపీ యంత్రం తప్పు అంకె చూపవచ్చు. అందుచేత డాప్లర్‌తో (ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని పసిగట్టే పరికరం) సగటు రక్తపీడనం కొలవడం నేర్చుకుని, రోజూ రాసిపెట్టుకోవాలి. అది సాధారణంగా 75 నుంచి 90 mmHg మధ్య ఉండాలని వైద్యులు కోరుకుంటారు. మించితే మెదడులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

పేగుల్లో రక్తస్రావం సంగతి వేరు. పంపు ఒరిపిడికి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లెబ్రాండ్ ప్రోటీన్ తునిగిపోతుంది, పైగా రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు ఉండనే ఉంటుంది. లిసినోప్రిల్, లోసార్టాన్ వంటి బీపీ మందులు వాడినవారిలో ఇది తక్కువగా కనిపించిందని కొన్ని పరిశీలనలు చెబుతున్నా, దాన్ని రుజువుగా తీసుకోరాదు. వాటిని సొంతంగా మొదలుపెట్టకూడదు, మానకూడదు. వాడుతున్నంతకాలం పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది) పరీక్షలు తప్పవు. మలం తారులా నల్లబడితే అది రక్తస్రావానికి గుర్తు కావచ్చు; ఐరన్ మాత్రల వల్లే అనుకొని ఊరుకోకుండా, వెంటనే పంపు వైద్యబృందానికి ఫోన్ చేయాలి.