మహమ్మారి మళ్లీ వస్తే: ఇంట్లో ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

కరోనా కాలంలో జాగ్రత్తలు తెలియనివాళ్లు మనలో దాదాపు లేరు. 2020 మార్చి నుంచి ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు, ఆ తర్వాత జాగ్రత్తలు వినిపించేవి. మాస్కు, చేతులు కడుక్కోవడం, రెండు గజాల దూరం అని చిన్నపిల్లలు కూడా అప్పజెప్పేవారు. అయినా 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచాన పడ్డ ఇళ్లు ఎన్నో. తెలిసిన జాగ్రత్త ఎక్కడ తప్పిందంటే, చాలావరకు మనవాళ్ల మధ్యే. బస్సులో మాస్కు సరిగ్గా పెట్టుకున్న మనిషే అక్కగారింట్లో కాలు పెట్టగానే తీసి జేబులో వేసుకున్నాడు. ముక్కూమొహం తెలియనివాళ్లంటే భయం, మనవాళ్లంటే ధీమా.

దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది. తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న. మధ్యలో పదకొండేళ్లు కూడా నిండలేదు. గాలి ద్వారా పాకే జబ్బు మళ్లీ వస్తే అప్పటికప్పుడు ఆలోచించుకునే తీరిక ఉండదు. అందుకే ఇప్పుడే, అందరూ ఇంట్లో ఉన్న ఓ ఆదివారం కూర్చుని మాట్లాడుకోండి.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది, జ్వరం దాచకూడదని. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతేనని నా గట్టి నమ్మకం. 2020లో పాజిటివ్ వచ్చిన ఇంటిని వీధి వీధంతా వెలేసినట్టు చూసింది. వైద్యం చేసే డాక్టర్లను, నర్సులను కూడా అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్న ఓనర్లు ఉన్నారు. అది కళ్లారా చూసినవాళ్లు తమకు జ్వరం వస్తే ఏం చేస్తారు? ఎండదెబ్బ అన్నారు, నీళ్లు మారాయన్నారు, టైఫాయిడ్ అన్నారు. దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని నాలుగైదు రోజులు గడిపి, ఆయాసం ముదిరాక ఆక్సిజన్ బెడ్ కోసం పరుగులు పెట్టారు. ఆ విలువైన రోజులు పరువు భయానికే పోయాయి.

కాబట్టి ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా అదే పూట చెప్పాలి. చెప్పినవాళ్లను పల్లెత్తు మాట అనకూడదు. "ఎక్కడెక్కడ తిరిగొచ్చావ్?" అని ఒకసారి నిలదీస్తే, ఆ ఇంట్లో రెండోసారి ఎవరూ నోరు విప్పరు. జబ్బు పక్కింట్లో వచ్చిందా, వాళ్ల గుమ్మం ముందు పాలు, కూరగాయలు పెట్టి ఫోన్ చేయండి. మీ వీధిలో జ్వరాలు త్వరగా బయటపడేది ఇలాంటి పలకరింపు వల్లే. ఆశా కార్యకర్త వచ్చి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. 2021 మేలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే జరిగినప్పుడు లక్షణాలున్నవాళ్లకు మందుల కిట్ ఇచ్చారు. జ్వరం దాచినవాళ్లకు అది అందే దారే లేదు.

జబ్బు చేసినవాళ్లకు ఏ గది ఇవ్వాలో, ఎవరు చూసుకోవాలో కూడా ముందే అనుకోండి. చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, వయసులో ఉండాలి, బీపీ, షుగర్ లేనివాళ్లయితే మంచిది. మన ఇళ్లలో ఈ పని ఎవరూ చెప్పకుండానే అమ్మ మీద పడుతుంది, ఆమెకు షుగర్ ఉన్నా సరే. ఈసారి అలా వదిలేయకండి. ఉన్నది ఒకే గది అయితే రోగి మంచం కిటికీ పక్కన వేసి, కిటికీ, తలుపు తెరిచి, ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి.

2020లో మనం పాలప్యాకెట్లు కడిగాం, కూరగాయలు ఉప్పునీళ్లలో నానబెట్టాం, నోట్లు ఎండబెట్టాం. కానీ తలుపులు బిగించిన ఏసీ గదిలో నలుగురం కూర్చుని గంటలు గంటలు కబుర్లు చెప్పుకున్నాం. తర్వాత తేలిందేమంటే, ఎక్కువగా పాకింది మూసిన గదుల్లోని గాలిలోనే. చేతులు కడుక్కోవడం మానక్కర్లేదు, అది వేరే జబ్బులకూ మంచిదే. అంతకంటే ముందు కిటికీలు తెరవండి.

అసలు పరీక్ష ఫంక్షన్ హాల్లో. ఏసీ కోసం తలుపులన్నీ మూసేస్తారు, సౌండ్ బాక్సుల హోరులో అరిచినట్టు మాట్లాడుకుంటారు, బంతి భోజనాల దగ్గర మాస్కులన్నీ దిగిపోతాయి. కేసులు పెరుగుతున్నప్పుడు వెళ్లకపోవడమే మేలు. తప్పదనుకుంటే అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా వచ్చేయండి. మొహమాటం లేకుండా ఏం చెప్పాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్లండి: "అత్తయ్యా, ఇంట్లో నాన్నకు ఒంట్లో బాలేదు, పిల్లల్ని దీవించి వెళ్తాం, ఏమీ అనుకోకండి." చావు ఇంటికి ఈ మాట చెప్పడం కష్టమే. అక్కడ ఇద్దరు వెళ్లి బయటే నిలబడి పలకరించినా చాలు.

మాస్కు గురించి ఒక్క మాట. ఫోన్ మోగగానే గడ్డం కిందికి లాగి మాట్లాడతాం. నోట్లోంచి తుంపర ఎక్కువగా పడేది సరిగ్గా అప్పుడే. కవాటం ఉన్న మాస్కు వదిలిన గాలిని వడకట్టదు కాబట్టి అది కొనకండి.

థర్మామీటర్, పారాసిటమాల్, పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంచుకోండి. ఆక్సీమీటర్ వాడటం ఇప్పుడే ఆరోగ్యంగా ఉన్నప్పుడు నేర్చుకోవాలి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చల్లబడిన వేళ్లను రుద్దుకుని వెచ్చబరచి, చూపుడువేలికి పెట్టి అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. గోళ్లరంగు, గోరింటాకు ఉన్న వేలికి పెడితే లెక్క తప్పొచ్చు. కరోనాలో 94 కంటే తగ్గితే డాక్టర్ని కలవాలన్నారు. మీ మామూలు అంకె ఎంతో రాసిపెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

వాట్సాప్‌లో వచ్చే ప్రిస్క్రిప్షన్లను మాత్రం ఎంత నమ్మకస్తుడు పంపినా పక్కన పెట్టండి. 2021లో ఆక్సిజన్ తగ్గకముందే స్టెరాయిడ్లు మింగినవాళ్లున్నారు. షుగర్ అదుపులో లేనివాళ్లలో ఇవి బ్లాక్ ఫంగస్‌కు దారితీశాయి. యాంటీబయాటిక్ వైరస్‌ మీద పనిచేయదు. శానిటైజర్‌ సీసాలు అందరి చేతికీ అందేచోట పెట్టొద్దు. 2020 జులైలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

సలహాలు మారుతుంటే టెన్షన్ పడకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాస్కు అక్కర్లేదని 2020 మార్చిలో చెప్పి, ఏప్రిల్ మొదట్లో గుడ్డ మాస్కు అయినా కట్టుకోమన్నారు. కొత్త జబ్బు గురించి తెలిసేకొద్దీ సలహా మారుతుంది. పాత మెసేజ్‌ ఫార్వర్డ్ చేసేముందు దాని తేదీ చూడండి. టీకా వస్తే మాత్రం 'నలుగురూ వేయించుకున్నాక చూద్దాంలే' అనొద్దు. 2021 మొదట్లో అలా ఆగిన చాలామంది మే వచ్చేసరికి తెల్లవారకముందే క్యూలో నిలబడాల్సి వచ్చింది.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, ఊళ్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల సంగతి విడిగా చూడాలి. ఇంటి తాళంచెవి ఒకటి దగ్గర్లో నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచండి. వాడే మందుల పేర్లు, డాక్టర్ నంబరు, 104, 108 పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఎవరు వెళ్లి తలుపు తట్టాలో ఆ మనిషితో ముందే మాట్లాడి ఒప్పించుకోండి.