డ్రమ్ములో పైపు మధ్యలో ఆగిపోతుంటే

ఎండాకాలం ఉదయగిరి వైపు ట్యాంకర్ నీళ్లు డ్రమ్ములో పట్టి, పటిక తిప్పి, తేరాక పైపుతో బిందెల్లోకి దించుకునే ఇళ్లు చాలానే. ధార సన్నబడి ఆగిపోతే మళ్లీ నోటితో పీల్చక్కర్లేదు.

ముందు డ్రమ్ము అంచు మీద పైపు వంపు చూడండి. అక్కడ గాలిబుడగ చేరి ఉంటుంది. ఆ వంపులో ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. అందుకే అక్కడ అతుకు వదులైతే నీళ్లు కారవు, గాలే లోపలికి పోతుంది. బయట తడి లేదు కదా అని అతుకుని వదిలేస్తారు, దొంగ అదే! అక్కడ అతుకు లేకుండా ఒకే ముక్క వేయండి. మేస్త్రీలు మట్టం చూసే తెల్ల పైపైతే బుడగ కంటికి కనిపిస్తుంది. బుడగ పోవాలంటే కింది కొసను బొటనవేలితో మూసి, బాగా కిందికి దించి ఒక్కసారి వదలండి. వంపును వేలితో తడుతుంటే ఇంకా మేలు.

డ్రమ్ములో మట్టం తగ్గేకొద్దీ ధార నెమ్మదించడం మామూలే. డ్రమ్మును అరుగు మీద పెట్టండి, బిందె నేల మీద.

లోపలి కొసను కర్రకు కట్టి అడుగుకు నాలుగు వేళ్ల పైన ఉంచితే మడ్డి రాదు. మొదలుపెట్టేటప్పుడు పైపు నిండా మంచినీళ్లు పోసి రెండు కొసలూ మూసి, ఒకటి డ్రమ్ము నీళ్లలో ముంచి, రెండోది కిందికి దించి వదలడమే. తాగేవైతే కాచుకోండి, పటిక క్రిముల్ని చంపదు.