వెబ్ వింతలు చదవడం – 4వ పాఠం: పుట్టినరోజు ఒకరోజు వెనక్కి ఎందుకు జరుగుతుంది?

చాలా కంప్యూటర్లు టైమ్‌ని 1970 జనవరి 1ని సున్నాగా పెట్టుకుని సెకన్లలో లెక్కపెడతాయని, తేదీ లేనిచోట ఆ సున్నానే చూపిస్తుంటాయని పోయినసారి చెప్పాను. ఏదైనా సైట్‌లో 1970 జనవరి 1 కనిపిస్తే పక్కన ఉన్న టైమ్‌తో సహా రాసి పంపమని అడిగాను. హైదరాబాద్, విజయవాడ వాళ్లకు ఉదయం 5:30 వచ్చింది. డాలస్‌లో ఉన్నవాళ్లకు 1969 డిసెంబర్ 31 సాయంత్రం 6:00 వచ్చింది. "సున్నా అంటే 1970 అన్నారు కదా, 1969 ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని చాలామంది అక్కడే ఆగిపోయారు. అందుకని పాస్‌వర్డ్ ఫారాల సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

సున్నా అనేది ఒక క్షణం, తేదీ కాదు. యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి టైమ్, మనకంటే అయిదున్నర గంటలు వెనక) లెక్కలో 1970 జనవరి 1, 00:00. ఆ క్షణానికి మన దగ్గర తెల్లవారుజామున అయిదున్నర, డాలస్‌లో ఇంకా ముందురోజు సాయంత్రమే. రెండు జవాబులూ కరెక్టే. 2015 డిసెంబర్ 31న ఫేస్‌బుక్ కొందరికి "46 ఏళ్ల స్నేహం" అని శుభాకాంక్షలు చెప్పింది. 2015లోంచి 46 తీసేయండి, ఎక్కడ తేలుతుందో చూడండి.

ఇప్పుడు అసలు చిక్కు. పుట్టినతేదీ ఒకరోజు తక్కువ చూపిస్తే, ఒకరోజు ఎక్కువ కొట్టి సరిచేశామని కొందరు రాశారు. దయచేసి అలా చేయకండి. ముందు జబ్బు ఎటువైపు ఉందో చూడాలి.

మీరు హైదరాబాద్‌లో 1990 జూన్ 10 అని కొట్టారు. బ్రౌజర్ దాన్ని జూన్ 10 అర్ధరాత్రి అనుకుని, యూటీసీకి మార్చి జూన్ 9, 18:30 అని పంపింది. సర్వర్ (సైట్‌ని నడిపే కంప్యూటర్) టైమ్ వదిలేసి తేదీ మాత్రమే దాచుకుంది: జూన్ 9. వారం తర్వాత ఫోన్ నంబర్ మార్చి సేవ్ నొక్కారు. ఫారంలో ఉన్న 9 మళ్లీ అదే దారిన వెళ్లి 8 అయింది. 11 కొడితే 10 పడుతుంది, నిజమే. కానీ ఇంకోసారి సేవ్ చేయగానే 9. ఇది పంపేవైపు తప్పు.

డాలస్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ సర్వర్‌లోనూ, మార్చే ఫారంలోనూ 10 భద్రంగానే ఉంది. ప్రొఫైల్ పేజీలో చూపించేటప్పుడు మాత్రం బ్రౌజర్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా చదివి, జూన్ 9 రాత్రి 7 గంటలుగా మార్చి, 9 అని చూపించింది. ఇప్పుడు మీరు 11 కొడితే తెరమీద 10 కనిపిస్తుంది, మనసు కుదుటపడుతుంది. లోపల మాత్రం 11. పాస్‌పోర్ట్‌తో పోల్చే రోజున టెన్షన్ మీకే.

నేనైతే ఏమీ మార్చకుండా ఒకసారి సేవ్ నొక్కి, పేజీ మళ్లీ తెరుస్తాను. తేదీ ఇంకో రోజు వెనక్కి పోతే సాధారణంగా పంపేవైపు తప్పు. అలాగే ఉంటే చూపేవైపు తప్పు. ఎక్కడైనా 18:30 గానీ 5:30 గానీ కనిపిస్తే ఇంకేమీ వెతకను. మన అయిదున్నర గంటల ముద్ర అది. ఫిర్యాదులో ఆ టైమ్ తప్పకుండా రాయండి.

అభ్యాసం: పాత 32 బిట్ల (అంటే 32 సున్నా-ఒకట్ల గళ్ల) లెక్కలో 1970 నుంచి సెకన్లు 2,147,483,647 వరకే పడతాయి. అది నిండేది 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8:44:07కి. మరుసటి సెకనులో అంకె మైనస్ 2,147,483,648కి దూకుతుంది. అప్పుడు చూపించే తేదీ, టైమ్ యూటీసీలో కట్టండి. కాగితం మీదే చేయాలి, సెకన్లతో సహా. 1900 లీపు సంవత్సరం కాదు గానీ, మీ లెక్క అంత దూరం పోదు.