ఫార్మసీ ప్రాజెక్టు కోసం లైబ్రరీకి వెళ్లే ముందు జాగ్రత్తలు

బీఫార్మసీ ప్రాజెక్టయినా, ఎంఫార్మసీ థీసిస్ అయినా యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చునే ముందు ఇవి చూసుకోండి.

• మందుకున్న పేర్లన్నీ ముందే రాసుకోండి. మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. మన సాల్బ్యుటమాల్ అక్కడ అల్బ్యుటెరాల్. పబ్‌మెడ్ లాంటి వైద్య పరిశోధన పేపర్లు వెతికే డేటాబేస్‌లు రెండో పేరును వాటంతటవే కలుపుకుంటాయి, కానీ అన్ని డేటాబేస్‌లూ అలా చేయవు. పనికొచ్చే పేపరే కంటపడకుండా పోతుంది.

• ఇండియన్ ఫార్మకోపియా (మన దేశంలో మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం) తీయగానే ముందు అట్ట మీద సంవత్సరం చూడండి. 2018ది ఎనిమిదో ఎడిషన్, 2022ది తొమ్మిదోది. రెండూ ఒకే షెల్ఫులో పక్కపక్కనే ఉంటాయి, చేతికి ఏది తగిలితే అది తెచ్చేసుకుంటాం. మోనోగ్రాఫ్‌లో, అంటే ఒక్కో మందు గురించి ఉండే భాగంలో, పరీక్ష పద్ధతి, పరిమితులు మారి ఉండొచ్చు. మధ్యలో వచ్చే అడెండా (అనుబంధ సంపుటాలు) కూడా అడిగి తీసుకోండి. రికార్డులో ఎడిషన్, పేజీ నంబరు అప్పటికప్పుడే రాయండి. వైవా ముందు రోజు వెతుక్కునే టెన్షన్ నిజంగా భరించలేనిది.

• మీ టాపిక్ మీద ఇప్పటికే థీసిస్ ఉందేమో భారతీయ యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ వెబ్‌సైటులో చూడండి. ఉచితమే.

• జర్నల్ సంచికలు మొత్తం ఒకేసారి డౌన్‌లోడ్ చేయొద్దు. పబ్లిషర్ క్యాంపస్ అందరికీ యాక్సెస్ ఆపేయొచ్చు. మన తొందరకి పక్క ల్యాబ్ వాళ్ల పని ఆగకూడదు కదా.

• పేపర్ ఉపసంహరించారేమో జర్నల్ పేజీలోనే చూడండి. సేవ్ చేసుకున్న పాత పీడీఎఫ్ ఆ మాట చెప్పదు. డోసు అంకెలు తీసుకుంటుంటే ఇది అస్సలు వదలొద్దు.

• ఐడీ కార్డు, హాస్టల్ నుంచి చూడటానికి రిమోట్ లాగిన్ ముందే సరిచూసుకోండి.