ఒకే పాటను మూడు గొంతులుగా పాడడం ఎలా?

మా విజయనగరంలో పాట వచ్చినవాళ్లు వీధికొకరైనా ఉంటారు. 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాల, దానికి తొలి ప్రిన్సిపాల్‌గా ఆదిభట్ల నారాయణదాసు గారు, అక్కడే వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు... ఆ గాలి ఈ ఊళ్లో ఇంకా ఉంది. అయినా మనం నలుగురం కూర్చుని పాడితే నాలుగు గొంతులూ ఒకే వరసలో వెళ్తాయి. జముకుల కథలో వంతలు అందుకున్నా, ఉభాల (వరినాట్ల) రోజుల్లో ఒకామె అన్న చరణాన్ని పదిమంది తిరిగి అన్నా అంతే.

జార్జియా దేశంలో పల్లెల్లో విందుకు కూర్చున్నవాళ్లు మూడు గొంతులతో మూడు వేర్వేరు వరసలు పట్టుకుని ఒకే పాట పాడతారు. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి వెళ్లిన బంగారు రికార్డులో అలాంటి పాట ఒకటి ఉంది. ఈ పద్ధతిని పాలిఫొనీ అంటారు. ఇందుకోసం అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. నాగాలాండ్‌లోని ఫేక్ ప్రాంతంలో, చోక్రి మాట్లాడే రైతులు మెట్లమెట్ల వరిపొలాల్లో పని చేస్తూ ఇలాగే పాడతారు. ఆ పాటల్ని ‘లి’ అంటారు. మన ఉభాల్లాంటి పనే, కాళ్లకు అలాంటి బురదే. అది విన్నాక నాకు ఉండబట్టలేదు. మేం ఆరుగురం మా మేడ మీద సాయంత్రాలు మొదలుపెట్టాం. అలా మెట్టు మెట్టుగా తెలిసినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మనుషులు, శ్రుతి

ముగ్గురుంటే చాలు, ఆరుగురుంటే హాయి. అందరికీ గొప్ప గొంతు ఉండక్కర్లేదు, శ్రుతి తెలిస్తే సరిపోతుంది. శ్రుతిపెట్టె లేకపోతే ఫోన్‌లో తంబుర యాప్ పెట్టుకోండి.

మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి పాడేటప్పుడు శ్రుతి దగ్గరే చిక్కు వస్తుంది. మగవాళ్లకు ఒకటి శ్రుతి, ఆడవాళ్లకు దానికన్నా ఎత్తైన ఐదు శ్రుతి వీలుగా ఉంటుంది కదా. ఈ పనిలో ఆ తేడాయే మనకు కలిసొస్తుంది. ఒకటి శ్రుతిలో ‘ప’ ఎక్కడుంటుందో, ఐదు శ్రుతిలో ‘స’ సరిగ్గా అక్కడే ఉంటుంది. కాబట్టి అందరూ ఒకటి శ్రుతే పెట్టుకోండి. మగవాళ్లు ‘స’ పట్టుకుంటే, ఆడవాళ్లు తమకు అలవాటైన ‘స’ పాడినట్టే పాడితే చాలు, రెండు గొంతులూ స-ప అయిపోతాయి.

వరసగా కూర్చోవద్దు. సార్డీనియా దీవిలో ‘కాంతు ఆ తెనోరె’ అనే పాటలు పాడే నలుగురు గాయకులు దగ్గరదగ్గరగా గుండ్రంగా నిలబడతారు. మేం ఒక నెల చాప మీద వరసగా కూర్చుని పాడి, తర్వాత గుండ్రంగా లేచి నిలబడ్డాం. ఆ రోజే మొదటిసారి చివరి గొంతు కూడా నాకు వినిపించింది.

కదలని గొంతు

ఒకరు ‘స’ పట్టుకుని కదలకుండా ఉండాలి. ఇంకొకరు ఆ ‘స’ మీద తెలిసిన పాట ఏదైనా పాడాలి. తంబుర చేసే పనిని మనిషి గొంతు చేస్తుంది, అంతే. వినడానికి ఇంత తేలికగా ఉన్నా, మొదటి సాయంత్రం మాలో ఒక్కరికీ ఇది కుదరలేదు. పాట ‘గ’ మీదికి వెళ్లగానే ‘స’ పట్టుకున్న మా పిన్ని గొంతు కూడా మెల్లగా ‘గ’ వైపు జారిపోయింది. పాట ఆపేసి, “ఓలమ్మా, నువ్వు నన్నటు లాగేస్తన్నావే!” అంది. నేను లాగలేదు. మన చెవికి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే లాగింది.

దీనికి మందు కోర్సికా దీవివాళ్ల దగ్గర దొరికింది. అక్కడ ‘పాగ్యెల్లా’ అనే మూడు గొంతుల పాట పాడేవాళ్లు ఒక చెవికి అరచెయ్యి ఆనిస్తారు. అలా చేస్తే మన గొంతు మనకు గట్టిగా వినిపిస్తుంది. చెవి పూర్తిగా మూసేయకూడదు. అరచెయ్యి దొప్పలా పెట్టి, రెండో చెవిని పక్కవాళ్లకు వదలాలి. పిన్నికి మూడో రోజుకల్లా ‘స’ నిలబడింది.

ఊపిరి గురించి ఒక మాట. అల్బేనియాలో ‘ఇసో’ అనే కదలని గొంతు ఉంటుంది. దక్షిణాన తోస్క్ ప్రజలు దాన్ని ‘ఎ’ అనే అచ్చు మీద తెగకుండా సాగదీస్తారు. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోరు, ఒకరు తీసుకునేటప్పుడు మిగతావాళ్లు నిలబెడతారు. మీరూ ‘స’ను ఇద్దరికి అప్పగించండి. పక్కవాళ్లు ఊపిరి తీశాక నాలుగు అక్షరాలు (తాళం లెక్కలు) ఆగి మీరు తీసుకోండి.

శ్రుతి కలిసిందో లేదో చెవితోనే పట్టుకోవచ్చు. రెండు గొంతులు ఒకే ‘స’ మీద ఉన్నా కాస్త తేడా ఉంటే, శబ్దం ‘వావ్ వావ్’మని ఊగుతుంది. ఒకరు సెకనుకు 240 కంపనాల మీద, మరొకరు 243 మీద ఉంటే ఆ ఊపు సెకనుకు మూడుసార్లు వినిపిస్తుంది. ఒకరు మెల్లగా సరిచేసుకుంటూ వస్తే ఊపు నెమ్మదించి, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ ఆగడం కోసం కళ్లు మూసుకుని వేచి ఉండండి. ఈ మెట్టు మీద కనీసం రెండు వారాలు ఉండాలి. తొందరపడి పైకి వెళ్తే తర్వాత మెట్లన్నీ వంకరగానే వస్తాయి.

వెంటాడే పాట

ఇప్పుడు రెండు గొంతులూ కదలాలి. ఇందుకు మోహన రాగం తీసుకోండి. అందులో అర స్వరం తేడాతో మరీ దగ్గరగా ఒరుసుకునే స్వరాలు లేవు కాబట్టి ఏది దేని మీద పడినా చెవికి అంతగా గుచ్చుకోదు.

స రి గ ప | ద ప గ రి

ఎనిమిది అక్షరాలు. మొదటి ఆమె మొదలుపెట్టి తిరగేస్తూ ఉంటుంది. రెండో ఆమె నాలుగక్షరాలు ఆగి అదే వరస అందుకుంటుంది. రెండో ఆమె ‘స’ అన్నప్పుడు మొదటి ఆమె ‘ద’ మీద ఉంటుంది, ‘రి’ అన్నప్పుడు ‘ప’ మీద. మూడో అక్షరానికి ఇద్దరూ ‘గ’ మీద కలుసుకుని మళ్లీ విడిపోతారు. ప్రతి నాలుగక్షరాలకూ ఆ ‘గ’ ఒక గుమ్మంలా వస్తుంది. దారి తప్పినవాళ్లు అక్కడ ఆగి, మళ్లీ లోపలికి రావచ్చు. చేత్తో తాళం తప్పనిసరి. నారాయణదాసు గారు పాడుతూ రెండు చేతులతో, రెండు కాళ్లతో వేర్వేరు తాళాలు వేసేవారు. మనకు ఒక్క చెయ్యి చాలు.

ఒంటరిగా సాధన చెయ్యాలంటే ఫోన్‌లో మొదటి గొంతు రికార్డు చేసుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని రెండోది పాడండి. 1970లలో సిమ్హా అరోమ్ అనే పరిశోధకుడు మధ్య ఆఫ్రికాలో అకా ప్రజల అల్లికపాటల్ని విడదీసి అర్థం చేసుకోవడానికి ఇలాంటి పద్ధతే వాడాడు. ఒక్కొక్కరికీ హెడ్‌ఫోన్లలో పాట వినిపిస్తూ, వారి గొంతును విడిగా రికార్డు చేశాడు.

స, రి ఒకేసారి

ఇది అందరికీ నచ్చదు, చేసి తీరాలని లేదు. కానీ ఒక్కసారి ప్రయత్నించండి. ఒకరు ‘స’, ఒకరు ‘రి’ గట్టిగా పట్టుకోవాలి. మనకు అపశ్రుతిలా తోస్తుంది. లిథువేనియాలో ఆడవాళ్లు పాడే ‘సుతార్తినేస్’ పాటలన్నీ ఈ ఒరిపిడి మీదే నడుస్తాయి. ఒకరు మాట, ఒకరు పల్లవి, పక్కపక్క స్వరాల మీద. ఆ పేరుకు మూలమైన మాటకు అర్థం ఒప్పుకోవడం, కుదరడం. మన ‘వంత పాడడం’ గుర్తొస్తుంది, కాదూ? తేడా ఒక్కటే. అక్కడ ఒప్పుకున్న మనిషి తన స్వరం వదులుకోదు. చెవిలో గంట మోగినట్టు ఉంటుంది, రెండు నిమిషాలు నిలబెడితే మీకే తెలుస్తుంది.

ఇక మన పాట

అందరికీ నోటికొచ్చిన ఉభాల పాటో, పెళ్లిపాటో ఒకటి ఎంచుకోండి. చిన్న వరసైతే మంచిది. అందులో గమకాలు (స్వరాన్ని ఊపి పాడడం) ఎక్కువుంటే మొదట్లో తగ్గించండి. ఒకరి గొంతు ఊగుతుంటే పక్కవాళ్లు తమ స్వరాన్ని నిలబెట్టుకోలేరు. కుదిరాక, పాట నడిపేవారు మాత్రం గమకాలు వేసుకోవచ్చు.

ఎవరు ఎప్పుడు రావాలో ముందే అనుకోండి. పాగ్యెల్లాలో పాట వరస పట్టే ‘సెగొందా’ ముందు మొదలుపెడుతుంది, తర్వాత కింది గొంతు ‘బాస్సు’ చేరుతుంది, చివరగా పై గొంతు ‘తెర్జా’ వస్తుంది. మాకు ఈ వరుస బాగా కుదిరింది. పాట నేను ఎత్తుకుంటాను, రెండో పాదానికి పిన్ని ‘స’ అందుకుంటుంది, మూడో పాదానికి మా వదిన పైనుంచి ‘ప’ మీద వాలుతుంది. చరణం చివర ముగ్గురం ‘స’ మీదికి వస్తాం. నేను పైనుంచి, వదిన ఇంకా పైనుంచి దిగాలి. పిన్ని మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు కాబట్టి, మేం దిగేదాకా అక్కడే ఉంటుంది.